ఐదు ముక్కలకు విలువ కట్టిందెవరు?

ఒకే రంగులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది. పోకర్‌లో దీన్ని రాయల్ ఫ్లష్ అంటారు. దీన్ని కొట్టే చేయి లేదు. సగటున 6,49,740 సార్లు పంచితే ఒక్కసారి పడుతుంది. జీవితమంతా ఆడినా చూడకుండానే పోయేవాళ్లు ఎక్కువ. అయితే పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, న్యూ ఆర్లియన్స్ నుంచి మిసిసిపీ నది మీద తిరిగే ఆవిరి పడవల్లో ఈ ఐదు ముక్కలే ఎవరి చేతిలోనైనా పడితే విసుక్కుని కింద పడేసేవాడు. రెండు పదులున్నవాడు కూడా అతన్ని ఓడించేవాడు మరి.

అప్పటి పోకర్ ఆడింది ఇరవై ముక్కలతో. పేకలో ఆసులు, రాజులు, రాణులు, జాకీలు, పదులు మాత్రం ఉంచి మిగతావి తీసేసేవారు. నలుగురు కూర్చుంటే తలా ఐదు, అంతటితో పేక ఖాళీ. ముక్క మార్చుకోవడం లేదు. ఆ ఆటకు తెలిసిందల్లా జోడీలు కలవడమే: ఒక జత, రెండు జతలు, ఒకే రకం మూడు, మూడూ రెండూ కలిసిన ఫుల్, అన్నిటికీ పైన ఒకే రకం నాలుగు. వరసకు విలువ లేదు, రంగుకు అసలే లేదు. నాలుగు ఆసులున్నవాడికి ఎదురు లేదు. నాలుగు రాజులతో పాటు ఒక ఆసు ఉన్నవాడికీ అంతే, ఎందుకంటే మిగతా మూడు ఆసులతో ఎవరూ అతన్ని దాటలేరు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఉన్నవి ఐదు రకాలే కాబట్టి జత కలవని ప్రతి చేయీ ఆసు నుంచి పది దాకా వరసగానే ఉండాలి. ఇరవై ముక్కల్లోంచి వచ్చే 15,504 చేతుల్లో అలాంటివి 1,024. ఒక జత ఉన్నవి 7,680. ఒకే రకం మూడు ఉన్నవి కూడా 1,920. అంటే అట్టడుగున పడేసిన చేయి, దాన్ని ఓడించే జత కన్నా ఏడున్నర రెట్లు అరుదు. పోకర్‌లో అరుదైనదానికే ఎక్కువ విలువ అని ఆట నేర్పేవాళ్లంతా మొదట చెప్పే మాట. పుట్టుకలో మాత్రం ఈ ఆట అరుదును లెక్కచేయలేదు. ఒకేలాంటివి ఒకచోట చేరడమే గొప్ప అనుకున్న పాత అలవాటు ముందు, లెక్క తర్వాత. ఈనాటి నిచ్చెనలో కూడా ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

జూదం మానేసి జూదానికి వ్యతిరేకంగా ప్రచారం చేసిన జొనాథన్ గ్రీన్ 1843లో అచ్చువేసిన పుస్తకంలో ఈ ఇరవై ముక్కల ఆటను వర్ణించాడు. అప్పటికే అది మారుతోంది. నలుగురికి మించి కూర్చోవాలంటే ముక్కలు చాలవు గనుక 52 ముక్కల పూర్తి పేక వచ్చింది. దానితోపాటే ఫ్లష్ వచ్చింది, అంటే ఐదూ ఒకే రంగు. (ఇక్కడ రంగంటే ఎరుపు, నలుపు కాదు, ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు.) వరస, అంటే స్ట్రెయిట్, ఇంకా ఆలస్యంగా, శతాబ్దం మధ్యలో గానీ నిలదొక్కుకోలేదు. చాలాకాలం దాని మీద పేచీ నడిచింది. కూర్చునే ముందే ‘స్ట్రెయిట్ ఉందా, లేదా’ అని తేల్చుకునేవారు. ఒకే రంగులో వరసను, అంటే స్ట్రెయిట్ ఫ్లష్‌ను, ఒప్పుకున్నాకే నాలుగు ఆసులు సింహాసనం దిగాయి.

పూర్తి పేకలోంచి ఐదు ముక్కలు 25,98,960 రకాలుగా రావచ్చు. సగానికి కాస్త ఎక్కువ, 13,02,540 చేతుల్లో, ఏమీ ఉండదు. పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్లదే గెలుపు. ఒక జత 10,98,240. ఈ రెండూ కలిపితేనే నూటికి 92. రెండు జతలకు వచ్చేసరికి లెక్క ఒక్కసారిగా 1,23,552కు పడిపోతుంది, ఒకే రకం మూడుకు 54,912కు. ఆపైన స్ట్రెయిట్ 10,200, ఫ్లష్ 5,108, ఫుల్ హౌస్ 3,744, ఒకే రకం నాలుగు 624. స్ట్రెయిట్ ఫ్లష్‌లు 40, వాటిలో నాలుగు రాయల్ ఫ్లష్‌లు. ఫ్లష్‌కూ ఫుల్ హౌస్‌కూ మధ్య దూరం చిన్నదే, అయినా తేడా నిజమైనదే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మెట్టు దగ్గరే.

స్ట్రెయిట్ మీద ఫ్లష్ ఎందుకు? సంక్రాంతికో దీపావళికో ఇంట్లో మూడు ముక్కలాట ఆడి పెరిగిన తెలుగువాడికి ఈ సందేహం తప్పకుండా వస్తుంది. అక్కడ వరస పైన, కలర్ కింద. పోకర్‌లో తలకిందులు. తప్పు ఎవరిదీ కాదు. మూడు ముక్కల్లో వరసలు 12 రకాలు, ఒక్కో ముక్కకు నాలుగు రంగులు, మొత్తం 768. ఒకే రంగు చేతులు 1,144. వరసే అరుదు. ఐదు ముక్కలకు పోతే వరసలు 10,240 అవుతాయి, పదమూడు రెట్లకు పైనే పెరుగుదల. ఒకే రంగు చేతులు 5,148, నాలుగున్నర రెట్లే. వరసలో చేరే ప్రతి కొత్త ముక్కా నాలుగు రంగుల్లో ఏదైనా కావచ్చు. రంగు అలా కాదు, మొదటి ముక్క ఇస్పేటు అయితే చివరిదాకా ఇస్పేటే పడాలి. ముక్కలు పెరిగేకొద్దీ ఆ షరతు బిగుసుకుంటుంది.

మూడు ముక్కలాటలో అసలు వింత మాత్రం ఇంకా పైమెట్టు మీద ఉంది. 22,100 చేతుల్లో ట్రయిల్, అంటే మూడూ ఒకటే, 52 సార్లు వస్తుంది. ఒకే రంగు వరస, ఆటగాళ్లు ప్యూర్ సీక్వెన్స్ అనేది, 48 సార్లే. అరుదునుబట్టి చూస్తే ప్యూర్ సీక్వెన్సే పైనుండాలి. అయినా ట్రయిల్ చూపించినవాడే డబ్బు లాగేసుకుంటాడు, ఎవరూ ప్రశ్నించరు. ఈ మూడు ముక్కలాటకు, అంటే తీన్ పత్తీకి, మూలమని చెప్పే ఇంగ్లండ్ ఆట బ్రాగ్‌లోనూ ఇదే వరుస. అక్కడ మరీ విచిత్రం, ట్రయిళ్లన్నిటిలో పెద్దది ఆసులది కాదు, మూడు మూళ్లది. 1990ల్లో డెరెక్ వెబ్ అనే ఇంగ్లిష్ ఆటగాడు త్రీ కార్డ్ పోకర్ పేరుతో క్యాసినోల కోసం మూడు ముక్కల ఆట తయారుచేసినప్పుడు ఈ లోపాన్ని సరిచేశాడు. అందులో స్ట్రెయిట్ ఫ్లష్ పైన, ఒకే రకం మూడు దాని కింద. క్యాసినో బహుమతి కట్టేది అరుదును లెక్కగట్టే కాబట్టి అక్కడ అలవాటుకు చోటులేదు. ఇంటి చాప మీద ఆడేవాళ్లకు ఆ నాలుగు చేతుల తేడాతో పనేముంది!

ఈ మూడు ముక్కలాట మన కోర్టు చరిత్రలోకీ ఎక్కింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నాటి తీర్పులో ధర్మాసనం రమ్మీని నైపుణ్యం ప్రధానమైన ఆటగా గుర్తించింది. ఫ్లష్, బ్రాగ్ పేర్లతో నడిచే మూడు ముక్కలాటను కేవలం అదృష్టం మీద నడిచేదంది. ముక్కల విలువ మాత్రమే చూస్తే ఆ మాటకు తిరుగులేదు, పంచిన ముక్కలు పంచినట్టే ఉంటాయి. పోకర్ ఏ గాటన పడుతుందన్న వాదన తర్వాత కూడా చాలాకాలం సాగింది. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

తిరిగి ఐదు ముక్కల దగ్గరకు. ఇద్దరికీ ఒకే మెట్టు పడితే ఏమిటన్నది నిచ్చెన కన్నా ఎక్కువ గొడవలు తెచ్చే సంగతి. ఫుల్ హౌస్‌లో ముందు చూసేది మూడింటినే: మూడు తొమ్మిదులూ రెండు రెండ్లూ ఉన్నవాడు మూడు ఎనిమిదులూ రెండు ఆసులూ ఉన్నవాణ్ణి ఓడిస్తాడు. రెండు జతల్లో పెద్ద జత, అదీ సమానమైతే చిన్న జత, ఆ తర్వాత మిగిలిన ఐదో ముక్క. ఆ మిగిలిన ముక్కనే కిక్కర్ అంటారు. ఒకే జత తగిలిన ఇద్దరిలో చాలాసార్లు గెలుపు తేల్చేది అదే. ఐదూ సమానమైతే పందెం సొమ్ము చెరిసగం. ఇస్పేటు పెద్దది, కళావరు చిన్నది అనే తేడా పోకర్‌లో లేదు. ఆసుకు మాత్రం రెండు వేషాలు: రాజు మీదా కూర్చుంటుంది, రెండు కిందా కూర్చుంటుంది. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు స్ట్రెయిటే గానీ అన్నిట్లో చిన్న స్ట్రెయిట్. మూడు ముక్కలాటలో చాలాచోట్ల ఆసు, రెండు, మూడుకు రెండో స్థానం ఇస్తారు కాబట్టి, ఆ అలవాటుతో వచ్చినవాడు ఇక్కడ దెబ్బతింటాడు. రాజు, ఆసు, రెండు అంటూ చుట్టు తిరగడం కుదరదు.

ఐదో ముక్క మాట వచ్చింది గనుక: 1876 ఆగస్టు 2న డకోటా ప్రాంతంలోని డెడ్‌వుడ్‌లో పేకాడుతున్న వైల్డ్ బిల్ హికాక్‌ను జాక్ మెకాల్ వెనకనుంచి కాల్చి చంపాడు. అప్పుడు హికాక్ చేతిలో నల్ల ఆసుల జత, నల్ల ఎనిమిదుల జత ఉన్నాయని కథ. అందుకే ఆ చేతికి చచ్చినవాడి చేయి అని పేరు. ఐదో ముక్క ఏమిటన్నది మాత్రం నేటికీ తేలలేదు.

ఇప్పుడు ప్రపంచమంతా ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో లెక్క మళ్లీ మారుతుంది. చేతిలో రెండు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు, మొత్తం ఏడింటిలోంచి మంచి ఐదు ఎంచుకోవాలి. ఏడు ముక్కలున్నప్పుడు ఒక జత నూటికి 44 సార్లు, రెండు జతలు 23 సార్లకు పైనే వస్తాయి. ఏమీ లేకపోవడం 17 సార్లే! అరుదే కొలమానమైతే ఖాళీ చేయి రెండు జతలను కూడా ఓడించాలి. అలా ఎవరూ ఆడరు. ఐదు ముక్కల నిచ్చెననే ఏడు ముక్కలకూ వాడుతున్నారు. అయితే బల్ల మీది ముక్కలు అందరివీ కావడంతో ఒకే చేయి ఒక్కో ముక్క తెరిచేకొద్దీ పెరుగుతుంది. డాయిల్ బ్రన్సన్ 1976, 1977 ప్రపంచ పోటీల్లో వరసగా రెండుసార్లూ చివరి ఆట గెలిచింది చేతిలో పది, రెండుతోనే. నిపుణులు చూడగానే పడేయమనే ముక్కలవి. రెండుసార్లూ అవి ఫుల్ హౌస్ అయ్యాయి. 2003లో 839 మంది పాల్గొన్న అదే పోటీలో టెనసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ చివరి ఆటకు ఐదు, నాలుగుతో దిగాడు. ప్రత్యర్థి శామ్ ఫర్హాకు జాకీల జత తగిలింది, బల్ల మీద అంతకన్నా పెద్ద ముక్క లేదు. మనీమేకర్‌కు అప్పటికే రెండు జతలు. ఆఖరి ముక్కగా ఐదు పడింది, ఫుల్ హౌస్. బహుమతి 25 లక్షల డాలర్లు.

పేకనే మారిస్తే నిచ్చెన కూడా మారాలని ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. మకావు పెద్ద పందేల బల్లల మీద పేరుపడ్డ షార్ట్ డెక్ ఆటలో రెండు నుంచి ఐదు దాకా ముక్కలు తీసేసి 36తో ఆడతారు. ఒక్కో రంగులో తొమ్మిదే మిగులుతాయి కాబట్టి ఫ్లష్ కష్టమవుతుంది: ఐదు ముక్కల లెక్కన అవి 480, ఫుల్ హౌస్‌లు 1,728. అందుకని అక్కడ ఫుల్ హౌస్ మీద ఫ్లష్ గెలుస్తుంది. కొత్తగా పుట్టిన ఆట గనుక అలవాటు అడ్డురాలేదు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది రమ్మీలో మనకు బాగా తెలిసిన జోకరే. పేకలో ఒక జోకర్ చేర్చి, దాన్ని ఏ ముక్కగానైనా వాడుకోవచ్చన్నారనుకుందాం. ఒక జత, రెండు విడి ముక్కలు, జోకర్ చేతికొచ్చినవాడు దాన్ని జతకు కలిపి మూడు చేస్తాడు. దాంతో ఒకే రకం మూడు 54,912 నుంచి 1,37,280కి ఎగబాకి, 1,23,552 దగ్గరే ఉన్న రెండు జతలను దాటేస్తుంది. సరే, రెండు జతలే అరుదు కదా, వాటినే పైన పెడదాం. అలా పెట్టిన క్షణంలో అదే ఆటగాడు జోకర్‌ను మూడు చేయడానికి వాడడు, రెండో జత కట్టడానికి వాడతాడు. రెండు జతలు 2,05,920కి పోతాయి, మూడు మళ్లీ 54,912కు దిగుతుంది. ఏది పైన పెడితే అదే ఎక్కువసార్లు వస్తుంది. అరుదును నమ్ముకుంటే ఈ రెండు మెట్లకు ఏ క్రమమూ నిలవదు.

అందుకే చాలా బల్లల మీద జోకర్‌కు పగ్గం వేస్తారు: ఆసుగా గానీ, స్ట్రెయిట్‌నో ఫ్లష్‌నో పూర్తిచేయడానికి గానీ మాత్రమే అది పనికొస్తుంది. పై గౌ పోకర్ అనే ఆటలో వాడే జోకర్ ఇదే. ఈ షరతుతో రెండు జతలు 1,36,224, ఒకే రకం మూడు 61,248 అవుతాయి. పాత క్రమం చెక్కుచెదరదు. ఐదు ఆసులు కూడా సాధ్యమవుతాయి కాబట్టి, రాయల్ ఫ్లష్ మీద ఇంకో మెట్టు చేర్చి వాటిని అక్కడ పెట్టారు.