ఏడు తరాల్లో అమ్మమ్మలెక్కడ?

రెండేళ్ల కిందట మా పెద్దమామయ్య తమ ఇంటిపేరు వాళ్లందరినీ ఒకచోట చేర్చి వంశవృక్షం ఆవిష్కరించాడు. ఆరడుగుల ఫ్లెక్సీ. 7 తరాలు, 61 పేర్లు, అన్నీ మగవాళ్లవే. ఆడపిల్లలున్న చోట పేర్లకు బదులు అంకెలున్నాయి. మా అమ్మ ‘స్త్రీ సంతానం: 2’ అనే గడిలో ఉంది. కోడళ్లు ఎక్కడా లేరు. ఆ చెట్టుని చూస్తే ఏడు తరాల పాటు ఆ ఇంట్లో మగవాళ్లని మగవాళ్లే కన్నారనిపిస్తుంది.

అమ్మ అడిగింది, “నా పేరు రాయించలేదేం అన్నయ్యా?” అని. “నువ్విప్పుడు ఆ ఇంటి మనిషివి కదమ్మా” అన్నాడాయన, ప్రేమగానే. పదిహేను రోజులకి ఆయన దగ్గర్నుంచే ఒక కాగితం వచ్చింది. తాతయ్య పొలంలో తనకున్న హక్కు వదులుకుంటున్నట్టు అమ్మ సంతకం చేయాల్సిన దస్తావేజు అది. అందులో అమ్మ పేరు, తండ్రి పేరు, వయసు, ఆధార్ నంబరు ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసినదాన్ని. ఇలాంటి మౌనాల గురించి పేజీల కొద్దీ రాశాను. అయినా ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన చూసినప్పుడు నాకు మాట రాలేదు. పూర్వీకుల్ని వెతుక్కుంటూ వెళ్లిన ముగ్గురు అమెరికన్ రచయితల పుస్తకాలు మళ్లీ తీశాను. అవి చదువుతూ నాకు తోచిన విషయాలివి.

మొదటిది మనందరికీ తెలిసిందే. అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. సహవాసి దాన్ని క్లుప్తం చేసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు. నేను దాన్ని పదో తరగతి సెలవుల్లో చదివాను. అందరిలాగే నాకూ గుర్తుండిపోయింది కుంటా కింటే. ఈసారి వరస రాసుకుంటూ చదివితే వేరే సంగతి కనపడింది. కుంటా కూతురు కిజీ. కిజీ కొడుకు జార్జి, అతని కొడుకు టామ్. టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, ఆమె కొడుకు హేలీ. ఇది తండ్రి వంశం కాదు, రచయిత తల్లి వైపు వంశం. ఆ కథని బతికించింది కూడా ఆడవాళ్లే. టెనెసీ రాష్ట్రంలోని హెన్నింగ్ ఊళ్లో అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు అరుగు మీద కూర్చుని చెప్పుకున్న మాటలు విన్న పిల్లాడే హేలీ.

అయినా కథానాయకుడు మాత్రం తొలి పురుషుడే. హేలీ గాంబియాలోని జుఫురే దాకా వెళ్లింది ఆ పురుషుడి కోసమే. హేలీ ఆధారాలని తర్వాత వంశచరిత్ర పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. నా ప్రశ్న అది కాదు. కిజీకి చదవటం, రాయటం వచ్చు. ప్రేమించినవాడు పారిపోవటానికి ఆమె దొంగ అనుమతి పత్రం రాసిచ్చింది. ఆ నేరానికి పదహారేళ్ల పిల్లని తల్లిదండ్రుల నుంచి విడదీసి అమ్మేశారు. కొన్నవాడు ఆమెని బలాత్కరించాడు. ఆ బిడ్డకి తన తండ్రి కథని చెప్పి పెంచింది ఆమే. వంశం నిలిచింది కిజీ గొంతు మీద. మనం మాత్రం ‘కుంటా కింటే వారసులు’ అంటాం.

తల్లి వరసని గుర్తిస్తే చాలు స్త్రీకి న్యాయం జరిగినట్టేనని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఒక పాత చట్టం. 1662లో వర్జీనియాలో చేసిన ఆ చట్టం ప్రకారం బిడ్డకి తల్లి స్థితే వస్తుంది. తల్లి బానిస అయితే తండ్రి దొరే అయినా బిడ్డ బానిసే. ఇంగ్లండులో తండ్రిని బట్టి నడిచే పద్ధతిని అక్కడ తిరగేశారు. ఎందుకంటే బలాత్కారం వల్ల పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తిలో కలుస్తుంది. పితృస్వామ్యానికి లాభం ఉంటే తల్లి వంశం కూడా కావాలన్నమాట. అప్పుడు పెద్దమామయ్య కాగితం నాకు అర్థమైంది. చెట్టు మీద అక్కర్లేని పేరు దస్తావేజులో ఎందుకు కావలసి వచ్చిందో కూడా.

రెండో పుస్తకం సైదియా హార్ట్‌మన్ ‘లూజ్ యువర్ మదర్’ (2007). ఆమె హేలీలా వేళ్లు దొరికాయని చెప్పదు. ఘనా వెళ్లి, బానిసల్ని నడిపించిన దారుల వెంట తిరుగుతుంది. అక్కడి వాళ్లు ఆమెని పరాయి మనిషిగానే పిలుస్తారు. బానిస అంటేనే తల్లిని పోగొట్టుకున్న మనిషి అని ఆమె వాదన. బానిసత్వం గురించి ఏం గుర్తుందని అడిగితే, ఏమీ లేదని తన పూర్వీకురాలు చెప్పినట్టు హార్ట్‌మన్‌కి ఒక పాత సంపుటంలో కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత వెతికితే ఆ పేజీ దొరకదు. ఆ ఖాళీని కల్పనతో నింపెయ్యకుండా ఖాళీగానే మన ముందు పెట్టటం నాకు ఆమె పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది.

మూడోది డానీ షపీరో ‘ఇన్‌హెరిటెన్స్’ (2019). సరదాకి చేయించుకున్న డి.ఎన్.ఎ. పరీక్షలో, తనని పెంచిన తండ్రికీ తనకీ రక్తసంబంధం లేదని ఆమెకి తెలుస్తుంది. సంతానం కోసం తల్లిదండ్రులు వెళ్లిన క్లినిక్‌లో దాత వీర్యం వాడారు. షపీరో నిజాయితీగా రాసింది. కానీ పుస్తకమంతా ఇద్దరు తండ్రుల మధ్యే తిరుగుతుంది. అప్పటికే చనిపోయిన తల్లి ఎక్కువగా నిజం దాచిన మనిషిగానే కనిపిస్తుంది. బిడ్డ కోసం ఆ స్త్రీ ఏం భరించింది, ఏం దాచమని ఆమెకి ఎవరు చెప్పారు అన్న ప్రశ్నలు ఇంకా లోతుగా వెళ్లాల్సింది.

ఇక నా పరీక్ష సంగతి. తొమ్మిది నెలల ఫెలోషిప్ మీద అమెరికాలో ఉన్నప్పుడు నేనూ ఒక గొట్టంలోకి ఉమ్మి పోస్టు చేశాను. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుంచే బిడ్డలకి వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకి పోతుంది. ఏ ఇంటిపేరూ దాన్ని మార్చలేదు. ఇదేదో మన కోసమే పుట్టిన శాస్త్రంలా తోచి, ఫలితం కోసం చిన్నపిల్లలా ఎదురుచూశాను. నా తల్లి వరస ‘ఎం’ సమూహానికి చెందిందని వచ్చింది. భారతదేశంలో సగం మందికి పైగా ఉండే వరస అది. అంటే ఎన్నో వేల ఏళ్ల కిందటి ఒక తల్లి దొరికింది గానీ మా అమ్మమ్మ వాళ్లమ్మ దొరకలేదు. లెక్క వేస్తే, ఏడో తరంలో నాకు 128 మంది పూర్వీకులు. వాళ్లలో 64 మంది స్త్రీలు. ఈ పరీక్ష చెప్పేది ఆ 64 మందిలో ఒక్కరి గురించి. మిగిలిన 63 మంది పక్కనే ఉండిపోతారు.

అలాగని శాస్త్రాన్ని తోసిపుచ్చను. అమెరికా ఖండాల్లోని 50,000 మందికి పైగా మనుషుల డి.ఎన్.ఎ.తో 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఓడల్లో తెచ్చిన బానిసల్లో మగవాళ్లే ఎక్కువ. అయినా ఇవాళ్టి వాళ్ల వారసుల్లో ఆఫ్రికన్ స్త్రీల వాటా మగవాళ్ల వాటా కంటే ఎక్కువని అది తేల్చింది. కిజీ కథ ఒక్క కిజీది కాదని అంకెలు ఒప్పుకున్నాయి. ఆ నమూనాల్లో ఎక్కువ భాగం ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీ ఖాతాదారులవి. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషను వేసింది. కోటిన్నర మంది సమాచారం కూడా అమ్మకానికి వచ్చిన ఆస్తిలో భాగమైంది. తల్లుల రక్తం మళ్లీ వేలం దాకా వచ్చింది.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. విశాఖపట్నం జిల్లా కులాల మీద చేసిన ఒక అధ్యయనం 1998లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కులాల అంతరాలు తల్లి వైపు డి.ఎన్.ఎ.లో కనపడుతున్నాయి, తండ్రి వైపు వై క్రోమోజోములో కనపడటం లేదు. దీనికి వాళ్లు చెప్పిన కారణం, స్త్రీలు అప్పుడప్పుడు కింది కులాల నుంచి పై కులాల్లోకి వెళ్లి ఉంటారని. దాన్ని ‘స్త్రీ జన్యు ప్రవాహం’ అన్నారు. ప్రవాహమట! ఆడవాళ్లు నీళ్లలా తమంతట తామే పారినట్టు. ఆమె వెళ్లిందా, తీసుకుపోయారా, పెళ్లా, వెట్టా, ఆకలా? ఇవి జన్యువు చెప్పలేని సంగతులు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వంశవృక్షం వేయించుకోగలగటం, ట్రంకుపెట్టెలో దస్తావేజులుండటం మా కులం మాకిచ్చిన సౌకర్యాలు. భూమి లేని చోట ఆ కాగితమూ ఉండదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ చదివినప్పుడు, కాగితాలు లేని చరిత్ర ఎవరి గొంతుల్లో ఉందో నాకు తెలిసింది.

మా ఇంట్లోనూ చివరికి పెట్టె తెరవాల్సి వచ్చింది. అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె మా ఇంటికే చేరింది. అడుగున నాలుగు మడతలు పెట్టిన 1951 నాటి స్టాంపు కాగితం ఉంది. అమ్మమ్మ తల్లి మరిదికి రాసిచ్చిన పత్రం. భర్త పోయాక తనకి రావలసిన మనోవర్తి హక్కుని 400 రూపాయలు పుచ్చుకుని వదులుకుంటున్నానని. కింద నిశానీ, వేలిముద్ర. ఆ వేలిముద్ర పక్కన రాయసగాడి చేతిరాతలో ఆమె పేరుంది. అమ్మ ఆ పేరు వినటం అదే మొదటిసారి. అమ్మమ్మ ఎప్పుడూ ‘మా అమ్మ’ అనే తప్ప పేరు చెప్పలేదు.

కాబట్టి పేరు దొరికింది ఉమ్మిలో కాదు, వంశవృక్షంలో అంతకన్నా కాదు. ఆమె తన హక్కు పోగొట్టుకున్న చోట దొరికింది. స్త్రీల వంశచరిత్ర రాయదలచిన వాళ్లం ముందు వెతకాల్సింది ఇలాంటి కాగితాల్లోనే అనుకుంటాను. ఎక్కడి నుంచి వచ్చాం అన్న ప్రశ్నతో పాటు, మన తల్లుల చేత ఏం వదిలించారు అన్న ప్రశ్నా అడగాలి. బతికున్న వాళ్లనైతే నోరారా అడగాలి. తెలంగాణ పోరాట స్త్రీలని స్త్రీశక్తి సంఘటన అడిగింది కాబట్టే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. నేను మా అమ్మమ్మని అడగలేదు. డాక్టరేటు కోసం ఎవరెవరి అమ్మమ్మల్నో అడిగాను, మా అమ్మమ్మని అడగలేదు.

కిందటి సంక్రాంతికి పెద్దమామయ్య సంతకం సంగతి మళ్లీ ఎత్తాడు. “పేరు రాయటానికి నేను ఆ ఇంటి మనిషిని. మరి సంతకానికి ఈ ఇంటి మనిషినెలా అయ్యాను అన్నయ్యా?” అంది అమ్మ. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడు కాదు, తనకు తెలిసిన చెట్టునే గీయించాడు. 1985 సెప్టెంబరు నుంచే ఆంధ్రప్రదేశ్ చట్టం పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చిందనీ, అమ్మకి అప్పటికి పెళ్లి కాలేదనీ ఆయనకీ తెలుసు.

దస్తావేజు మా బీరువాలో సంతకం లేకుండా ఉంది. ఫ్లెక్సీకి చిన్న నకలు తీయించి, అమ్మ దాని మీద నల్లసిరా పెన్నుతో రాయటం మొదలుపెట్టింది. తన పేరు, చెల్లెలి పేరు, వాళ్లమ్మ పేరు, చెట్టుకి అవతల ఖాళీగా ఉన్న తెల్లటి చోట వాళ్లమ్మ తల్లి పేరు. ఆ పేరు ఈ వ్యాసంలో వేస్తానన్నాను. “ముందు మా అన్నయ్య గోడ మీద పడనీ” అంది అమ్మ. అందుకని ఇక్కడ రాయటం లేదు.