రక్తం ఎవరిది, ఎవరికి?

సోషల్ పాలసీ సిలబస్‌లో నాకు బాగా పట్టుకున్న పుస్తకం 'ది గిఫ్ట్ రిలేషన్‌షిప్' (1970). రాసిన రిచర్డ్ టిట్మస్‌కి డిగ్రీ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తాగా చేసి, 1950లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసరయ్యాడు.

ఆయన ప్రశ్న చిన్నది: రక్తం ఎవరిస్తున్నారు, ఎవరికి చేరుతోంది? బ్రిటన్‌లో అది దానం. అమెరికాలో డబ్బు కోసం ఇచ్చేవాళ్ళు చాలామంది. అమ్ముకునేది పేదలు, అందేది స్తోమతున్నవాళ్ళకి. పైగా హెపటైటిస్ ముప్పు ఎక్కువ. మనిషి మంచితనానికి కూడా ప్రభుత్వం చోటు కల్పించాలంటాడు. ఈ మాట పాఠ్యపుస్తకాల్లో అరుదు.

నా పేచీ ఒకటుంది. రక్తదాతల్ని ఎనిమిది రకాలుగా విడదీసినా, పుస్తకం మనసంతా అమ్మకం, దానం తగాదా మీదే. మన దేశంలో డబ్బిచ్చి రక్తం తీసుకోవడం 1998 నుంచి నిషేధం. అయినా చాలా ఆసుపత్రుల్లో "బదులు ఇచ్చేవాళ్ళని తెచ్చుకోండి" అంటారు. నగరానికి వలసొచ్చిన కూలీ ఎవర్ని తెస్తాడు? డబ్బు పక్కకెళ్ళింది, ఆ కుర్చీలో పలుకుబడి కూర్చుంది.

టిట్మస్‌ని తప్పకుండా చదవండి. చదివాక, అడగడానికి నా అన్నవాళ్ళు లేనివాళ్ళ సంగతేంటని ఆయన్నే అడగండి.