ఆకు నల్లబడే వేళ

గుత్తివంకాయకు కాయలు కోసేటప్పుడు మనవాళ్లు పక్కన ఉప్పునీళ్ల గిన్నె పెట్టుకుంటారు. కోసిన కాయకు గాలి తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది మరి. టీ తయారీ అంతా ఈ నల్లబడటం చుట్టూనే తిరుగుతుంది. ఆకు నలిగితే అందులోని రసం గాలితో కలుస్తుంది, ఎంజైములు పని మొదలుపెడతాయి, రంగూ రుచీ వాసనా మారిపోతాయి. దాన్ని మొదలుకానివ్వాలా, సగంలో ఆపాలా, చివరిదాకా సాగనివ్వాలా అన్నదే టీ చేసేవాళ్ల విద్య. గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అన్నిటికీ మొక్క ఒక్కటే, కమేలియా సైనెన్సిస్. లినేయస్ అంతటి శాస్త్రవేత్త కూడా గ్రీన్ టీ మొక్క వేరు, బ్లాక్ టీ మొక్క వేరు అనుకుని రెండు పేర్లు పెట్టాడు. 1840లలో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తోటల్లో తిరిగి, రెండూ ఒకే మొక్క నుంచి వస్తాయని రాశాడు.

చైనాలో మొదట్లో విడి ఆకు వాడకం తక్కువ. 8వ శతాబ్దంలో లూ యూ టీ మీద తన గ్రంథం రాసేనాటికి ఆకును ఆవిరి మీద ఉడికించి, దంచి, బిళ్లలుగా అచ్చువేసేవారు. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్వూ, కప్పంగా బిళ్లలు వద్దు, విడి ఆకే పంపమని ఆజ్ఞాపించాడు. ఆ తర్వాత ఆకును మూకుడులో వేయించే పద్ధతి బాగా పెరిగింది.

ఆ పనితనం చూడాలంటే హాంగ్‌జౌ దగ్గరి లాంగ్‌జింగ్ గ్రీన్ టీనే చూడాలి. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన లేత చిగురుకు విలువ ఎక్కువ. కోసిన చిగురును కొన్ని గంటలు పల్చగా ఆరబోసి, నల్లబడటం ఆగేలా కాలుతున్న ఇనుప మూకుడులో వేస్తారు. గరిటె ఉండదు, ఒట్టి చెయ్యే. దులపరిస్తూ ఆవిరి పోనిస్తారు, అరచేత్తో మూకుడుకేసి అదుముతారు, మళ్లీ పైకి తీస్తారు. ఆ అదుముడు వల్లే ఆకు బల్లపరుపుగా తయారవుతుంది. ఒక దఫా వేయించి, చల్లార్చి, మళ్లీ వేయిస్తారు. తడి ఇంకా ఎంత మిగిలిందో చెప్పేది అరచెయ్యే. కిలో టీ కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి చిగురు కోయాలి. జపాన్‌వాళ్లు ఈ వేడిని మూకుడుతో కాకుండా ఆవిరితో పెడతారు. అందుకే వాళ్ల టీలో పచ్చిదనం ఎక్కువ.

నా మనసు మాత్రం ఊలాంగ్ దగ్గరే ఆగుతుంది. చైనాలో ఫుజియన్‌లోని వూయీ కొండల్లో వాడిన ఆకును వెదురు చాటల్లో పోసి కదిలిస్తారు, కాసేపు వదిలేస్తారు, మళ్లీ కదిలిస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా ఇదే పని. ఆకుల అంచులు ఒకదానికొకటి తగిలి నలిగి ఎర్రబడతాయి, నడిమి భాగం పచ్చగానే ఉంటుంది. పచ్చివాసన పోయి పూలవాసన వచ్చే ఘడియ కనిపెట్టి వేడి చూపించాలి. కాస్త ఆలస్యమైతే ఆ చాటెడు ఆకూ పాడైనట్టే. అదే కొండల్లోని టోంగ్‌ము ఊళ్లో ఆకును పూర్తిగా ఎర్రబడనిచ్చి పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. బ్లాక్ టీకి పుట్టిల్లు అదేనంటారు.

ఫుజియన్ తీరంలో ఈ ఆకును ‘తే’ అంటారు. డచ్చి వర్తకులు ఆ మాటను ఓడల్లో యూరప్‌కు తీసుకుపోయారు. మన తేయాకు, టీ ఆ వరసవే. హైదరాబాద్ చాయ్ మాత్రం చైనాలోని మరో మాట ‘చా’ నుంచి, పారశీకం మీదుగా వచ్చింది.

మనం రోజూ మరిగించే టీ పొడి వయసు ఇంకా వందేళ్లు కాలేదు. 1930 ప్రాంతంలో అస్సాంలో పళ్ల రోలర్ల యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే ఆ పద్ధతే సీటీసీ. పాలల్లోకి చిక్కటి రంగు క్షణాల్లో దిగడానికి అంతకు మించినది లేదు. అయితే ఆకు ఆకారం, దానితోపాటు చెయ్యి పెట్టిన గుర్తు, అందులో మిగలవు.

వూయీ ఊలాంగ్ ఎప్పుడైనా చేతికొస్తే పాలు, పంచదార లేకుండా తాగండి. తాగాక ఆకును పారేయకుండా అరచేతిలో విప్పి, అంచున ఎరుపు ఉందేమో చూడండి.