బిడ్డ అడిగినప్పుడు

మా ఎమ్మిగనూరు బస్టాండులో తెలుగు పలకల బస్సుల ప్రక్కనే కన్నడ పలకల బస్సులును వచ్చి నిలుచుట సరిహద్దు సీమ వారమైన మాకు నిత్యము కనుపించు సంగతి. అక్షరములు కూడబలుకుకొను వయస్సున మా అమ్మాయి యొకనాడు అచ్చట నా చేయి పట్టుకొని నిలిచి, "నాయనా, ఆ బస్సు మీద అక్షరాలు మనవి మాదిరే ఉండాయి గదా, నాకు చదివేకి రాదెందుకు?" అని అడిగినది. అది కన్నడమని చెప్పి మాట ముగింపవచ్చును. ఆ సమాధానము అసత్యము కాదు గాని, బిడ్డ అడిగినదానికి సమాధానమును కాదు. ఏలయన భాష వేరన్న సంగతి ఆమెకు తెలియును, వీథిలోని అవ్వలు కన్నడము మాటలాడుకొనుచుండగా పుట్టినది మొదలు వినుచునే యున్నది. మాట వేరైనపుడు వ్రాత యింత దగ్గరగా ఎట్లున్నదన్నది ఆమె సందేహము.

ఇది సామాన్యమైన సందేహము కాదు. ప్రాచీన శాసనములను పరిశీలించిన పండితులు ఒకనాడు ఉభయ భాషలకును ఒక్కటే లిపి యుండెననియు, అది క్రమక్రమముగా రెండు పాయలై నేటి తెలుగు లిపిగాను కన్నడ లిపిగాను స్థిరపడెననియు నిర్ణయించిరి. ఆరేండ్ల బిడ్డకు శాసనములతో పని లేదు. పలకయు బలపమును చాలును. గకారమును, దకారమును, నకారమును ఇరువిధముల ప్రక్కప్రక్కన వ్రాసి చూపితిని. మన తలకట్టు కోణమై పైకి లేచును, వారిది అడ్డముగా సాగి కొసన వంగును. తక్కిన శరీరము ఇంచుమించు ఒక్కటియే. బకారమునకు తలకట్టు లేదు గనుక రెండింటికిని భేదమే తోచదు. మరుమారు బస్టాండునకు పోయినపుడు బస్సు పలకపై 'బళ్లారి' అన్న పేరును తనంతట తానే చదువుకొని ఆమె పొందిన ఆనందమును వర్ణించుటకు నాకు మాటలు చాలవు.

వెంటనే వేరొక ప్రశ్న పుట్టినది: "అక్షరాలు ఒకటే మాదిరి ఉంటే, బళ్లారి మనది కాదా?" ఒక సత్యమైన సమాధానము నుండి రెండవ ప్రశ్న పుట్టుట సహజము. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ వరకును మా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే యుండెననియు, ఆ జిల్లా మదరాసు రాష్ట్రములోనిదనియు, ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చి, బళ్లారితో సహా తక్కినవి మైసూరునకు పోయెననియు పెద్దలకు చెప్పుట తేలిక. బిడ్డకు నేను చెప్పినది ఇంతే: "మీ జేజి చిన్నప్పుడు రెండూ ఒకే జిల్లా. తరువాత పెద్దవాళ్లు కూర్చొని, ఎక్కడ ఏ మాట ఎక్కువమంది మాట్లాడుతారో చూసి, మధ్యలో ఒక గీత గీసినారు." ఆ గీతను చూపుమని ఆమె పట్టుపట్టినది. అది నేలపై కనుపించదనియు, పటముపైననే యుండుననియు చెప్పగా ఆమె నమ్మలేదు. నమ్మకపోవుట యుక్తమనియే నాకు తోచినది. ఆ గీతకు ఆవలనున్న హొసపేట దగ్గరి ఆనకట్ట నుండి బయలుదేరిన తుంగభద్ర కాలువ బళ్లారి పొలములను తడుపుచు, ఎచ్చటను నిలువక మా పొలములకు వచ్చుచున్నది గదా!

పిల్లల ప్రశ్నకు సమాధానము చెప్పుట యన్నది తెలిసినదంతయు కుమ్మరించుట కాదని నా నిశ్చితాభిప్రాయము. మొదటి పని వినుట. స్విట్జర్లండు దేశీయుడగు మనశ్శాస్త్రవేత్త జీన్ పియాజే, ఒక బాలుడు పదినెలల కాలములో ఒక ఉపాధ్యాయినిని తనంతట తానడిగిన 1125 ప్రశ్నలను పరిశీలించి, 1923లో వెలువరించిన తన గ్రంథములో చర్చించెను. చిన్న వయస్సు బిడ్డ 'ఎందుకు' అనునపుడు తరచుగా యంత్రము నడుచు తీరును గాక, దాని వెనుకనున్న ఉద్దేశమును అడుగుచున్నాడని ఆయన గ్రహించెను. లోకములో ఏదియు ఊరక జరుగదు, ప్రతిదాని వెనుకను ఎవరో ఒకరి తలంపు కలదని బాలుని విశ్వాసము. ఈ సంగతి తెలిసిన తలిదండ్రులు తొందరపడి పాఠము మొదలిడక, "నీకేమనిపిస్తుంది?" అని ఒకమారు అడిగి చూచెదరు.

గుంటమగ్గము చూచిన మా చిన్నవాడు, "ఆ తాత గుంతలో ఎందుకు కూర్చున్నాడు?" అనెను. నీకేమనిపించుచున్నదని అడుగగా, ఎవరో ఆయనను అందులో దించి పైకి రానీయకున్నారని వాడు దిగులుపడుచున్నట్లు తెలిసినది. ఆ దిగులు తీర్పక నూలును గురించి ఎంత చెప్పినను వ్యర్థమే. ఆ నేతగాడు పెద్ద మనసు గలవాడు; వాని మాట విని గుంటలో నుండి లేచి బయటికి వచ్చి నవ్వి, మరల దిగి, కాలిక్రింది చెక్కలను వానిచే త్రొక్కించెను. త్రొక్కినపుడు పడుగు రెండుగా విడిపోవుటయు, ఆ సందున నాడె పేకను మోసికొని ఇటునుండి అటు పరుగిడుటయు వాడు కన్నులార చూచెను. కాళ్లు ఆడించుటకు చోటు కావలయుననియు, నేలలోని చెమ్మ నూలుకు మంచిదనియు, ఎండలు ముదిరిన దినములలో పోగు ఆరిపోయి ఊరక తెగుచుండుననియు ఆయనయే చెప్పెను. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిన యూరు ఇది. మగ్గమును గురించి బిడ్డ అడిగిన ప్రశ్నకు ఇచ్చట పుస్తకము వెదుకవలసిన పని లేదు.

తెలియని ప్రశ్న వచ్చినపుడు ఏమి చేయవలెను? ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని ఆశ్రయింపగా, ఆ మహర్షి వారిని ఒక యేడు తనయొద్ద నుండుమని, పిదప అడుగుడనియు, తనకు తెలిసియున్నచో చెప్పెదననియు పలికెను. అంతటి ఋషి నోట 'తెలిసియున్నచో' అను మాట వచ్చినపుడు మనకు సంకోచమేల? తెలియదని చెప్పి, తెలిసినవారి యొద్దకు బిడ్డను వెంటబెట్టుకొని పోవుట సంపూర్ణమైన సమాధానమే యగును.

అన్నింటికంటె కఠినమైన ప్రశ్న మృత్యువును గూర్చినది. అవ్వ పోయిన యింట, ఆమె ఊరికి పోయినదని బిడ్డకు చెప్పుట మనలో వాడుక. ఆ బిడ్డ ప్రతి బస్సుకును ఎదురుచూచును. నిద్రపోయినదని చెప్పినచో రాత్రి పడుకొనుటకే భయపడును. కఠోపనిషత్తులో నచికేతుడు తనను ఎవరికిచ్చెదవని మరల మరల అడుగగా తండ్రి విసిగి, మృత్యువునకిచ్చెదననెను. ఆ విసుగు మన యిండ్లలో నేటికిని వినబడుచునే యున్నది. ఆ కథలో నన్ను మిక్కిలి కదిలించునది ఆ తరువాతి ఘట్టము. తన యొద్దకు వచ్చిన నచికేతుడు మరణానంతరము ఏమగునని అడుగగా, యముడు సయితము మొదట జవాబు దాటవేయజూచి పశువులను, ఏనుగులను, బంగారమును, దీర్ఘాయువును ఇచ్చెదననెను. ఏడ్చు బిడ్డ చేతిలో బొరుగుల పొట్లమో, నేటి కాలమున ఫోనో పెట్టి మనము చేయుచున్నదియు అదియే. నచికేతుడు అవి వలదని తన ప్రశ్నను విడువలేదు. కడకు యముడే లొంగి సమాధానము చెప్పెను. అవ్వ చనిపోయినది, మరల రాదు, ఆమెను తలచుకొని మాకును దుఃఖముగానే యున్నదని బిడ్డను దగ్గరకు తీసికొని చెప్పుట మేలు. నేను చూచినంతవరకు బిడ్డలు ఈ మాటను పెద్దలకంటె స్థిరముగా గ్రహింతురు.

ఈ వారము చదువరులకు, విశేషించి మా యూరి నేతవారికి, ఒక విన్నపము. మగ్గములు ఏటేట తగ్గుచున్నవి. మగ్గమును చూడకయే పెరుగు పిల్లలు ఎమ్మిగనూరులోనే కనుపించుచున్నారు. తలిదండ్రులారా, సెలవునాడు మీ బిడ్డలను మగ్గమున్న యింటికి తీసికొని పోయి, వారడుగదలచినది నేతవారినే అడుగనిండు. మగ్గముపై నున్న అన్నలారా, గడపలో నిలిచి లోనికి తొంగిచూచు బిడ్డను రమ్మని పిలువుడు. ఒకమారు నాడె వాని చేతికిచ్చి చూపుడు.