పంటి వైద్యమునకు ఈయవలసిన కాలము

సంక్రాంతికి ముందు వెనుకల నెలలలో బందరు రోడ్డు పొడవునా, పటమట మొదలుకొని కానూరు, పోరంకి, పెనమలూరు మీదుగా మా కంకిపాడు వరకు గల పంటి ఆసుపత్రులలోనికి తొంగిచూచినవారికి ఒక విశేషము స్ఫురింపక మానదు: అచ్చట తమ వంతుకై వేచియున్నవారిలో కొందరు, ఈ ప్రాంతముననే పుట్టి పెరిగి, ఇప్పుడు డల్లాసులోనో న్యూజెర్సీలోనో మెల్బోర్నులోనో కాపురముండి, పండుగకు దొరకిన సెలవులోనే పంటి పని గూడ ముగించుకొని పోదలచినవారు. పెండ్లికి, గృహప్రవేశమునకు, తల్లిదండ్రుల దర్శనమునకు స్వగ్రామము వచ్చుట మొదటినుండి ఉన్నదే. ఆ పనుల సరసన రూట్ కెనాలు, క్యాపు, ఇంప్లాంటు చేరుట మా తరమువారు కన్నులార చూచిన మార్పు.

దీనికి మూలకారణము ధనమే యనుటకు సంకోచింప నక్కరలేదు. అమెరికాలో పంటి వైద్యమునకు వేరే బీమా. అది సాధారణముగా సంవత్సరమునకు వేయి మొదలు రెండువేల డాలర్ల వరకు చెల్లించి, ఆపై భారమును రోగి నెత్తిన వదలును. ఒక్క దవడపంటికి రూట్ కెనాలు చేసి క్యాపు వేయుసరికే ఆ మొత్తము హరించుకొనిపోవును. "మామయ్యా, బీమా ఉన్నమాటే గాని, రెండో పన్ను నొప్పి పుడితే మన చేతి డబ్బే" అని మా మేనల్లుడు చెప్పినది అక్కడి సామాన్యోద్యోగులందరి మాట. అదే పని విజయవాడలో కొన్ని వేల రూపాయలతో జరుగును. పిల్లల యొద్దకు పోవు తల్లిదండ్రులు గూడ విమానమెక్కక పూర్వమే పండ్లు చూపించుకొనుట మన యిండ్లలో ఆచారమైనది. ఏలయన ప్రయాణపు బీమాలు పాత పంటి జబ్బును సాధారణముగా అంగీకరింపవు.

వ్యయము తగ్గినంత మాత్రమున విద్య తగ్గినదని తలపరాదు. 1920లో కలకత్తాలో డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్ దంతవైద్య కళాశాలను నెలకొల్పిన నాటినుండి ఈ శాస్త్రము మన దేశమున క్రమముగా వేరూనినది. 1948 నాటి దంతవైద్యుల చట్టము వృత్తికి కట్టుబాటును, వైద్యుల పట్టికను ఏర్పరచినది. నేడు విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, గన్నవరము చెంత చినఅవుటపల్లిలో సిద్ధార్థవారి దంతవైద్య సంస్థ మన ముంగిటనే యున్నవి.

ఇట్టి యాత్రలు లోకమున అంతటను కలవు. అమెరికా సరిహద్దున మెక్సికోలోని లాస్ ఆల్గొడోనెస్ అను చిన్న పట్టణము దంతవైద్యులతో నిండియున్నది. ఆస్ట్రియా దేశీయులు పొరుగున నున్న హంగరీకి పోవుదురు. అయితే వారు కారులో సరిహద్దు దాటి, అవసరమైనచో వచ్చే వారమే మరల పోగలరు. మనవారు సముద్రములు దాటి ఏడాదికో రెండేండ్లకో ఒకమారు, మూడు వారముల సెలవుతో వచ్చువారు. ధరను గూర్చి పదిమందిని విచారించువారు సైతము ఈ భేదమును తలపరు. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నదని నా నమ్మకము.

మేనల్లునితో నేను వైద్యుని యొద్దకు పోయినప్పుడు, ఆయన ఎక్స్‌రే చిత్రమును వెలుతురునకు పట్టి, ఊడిన పంటి చోట ఎముక ఎంత అరిగినదో వ్రేలితో గీచి చూపి, "బాబూ, స్క్రూ ఈ వారమే బిగిస్తాను. పన్ను మాత్రం ఎముక పట్టిన తరువాతే. మళ్ళీ ఎప్పుడు రాగలరు?" అని యడిగెను. స్క్రూను ఎముక పట్టుట యనగా నిది: 1952లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్, కుందేటి ఎముకలో నుంచిన టైటానియము దానితో విడదీయరానంతగా కలిసిపోవుటను గమనించి, 1965లో తొలిసారిగా మనుష్యుని దవడలో నాటెను. నాటినుండి నేటివరకు ఆ కలయికకు సామాన్యముగా మూడు నుండి ఆరు మాసములు కావలయును. ఊడ్చిన నారు మూనతిరుగువరకు ఓపికపట్టు మన రైతువలె వైద్యుడును వేచియుండవలయును. మంచి ఎముక గలవారికి వెంటనే పన్ను అమర్చు పద్ధతులు లేకపోలేదు. అది వైద్యుడు పరీక్షించి నిర్ణయింపవలసినదే గాని, తిరుగు టిక్కెట్టు నిర్ణయింపవలసినది గాదు. మేనల్లుడు ఆ మాట మన్నించి, ఇంప్లాంటును రెండు రాకలుగా విభజించుకొనెను.

రూట్ కెనాలు సంగతియు నట్టిదే. పై దవడ మొదటి పెద్దపంటిలో మూడు నాళములే యని తోచినను, పలుమారు నాలుగవది సన్నపు దారమువలె దాగియుండును. దానిని వెదకి శుభ్రపరుపకున్నచో, క్యాపు క్రింద చీము మరల పుట్టును. పన్ను తీయించుకొన్న మూడవనాటి ప్రాంతమున గాయపు గడ్డ జారిపోయి తీవ్రమైన నొప్పి కలుగుట కలదు. కావున ప్రయాణపు ముందురోజున పన్ను తీయించుకొనుట అవివేకము. మొదటి వారముననే ఆరంభించి, చివరి వారమును సరిచూచుకొనుటకు మిగుల్చుకొనవలయును. మధుమేహమున్నను, రక్తము పలుచబడు మందులు వాడుచున్నను, ఆ సంగతి తొలినాడే చెప్పవలయును.

పరిశుభ్రతను గూర్చి అడుగుటకు మొగమాటపడరాదు. నీళ్ళలో మరగించినంత మాత్రమున మొండి సూక్ష్మజీవులు చావవు. ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో పదునైదు నిమిషములైన నుంచిన పనిముట్లనే నోటిలో పెట్టనీయవలయును. ఆ పనిముట్లు మూసిన సంచిలో వచ్చును. సంచిపై గుర్తు రంగు మారి యుండును. దానిని మన కన్నులయెదుట చించి తీయవలయును. హెపటైటిస్ బి వంటి వ్యాధులు రక్తము ద్వారా సంక్రమించునవి గనుక ఇది సందేహమూర్తుల చాదస్తము గాదు. పోవునాడు ఎక్స్‌రేలను, ఇంప్లాంటు కంపెనీ పేరు, కొలత, వరుస సంఖ్య గల చీటిని అడిగి తీసికొనవలయును. ఒక్కొక్క కంపెనీ స్క్రూకు ఒక్కొక్క పనిముట్టు. ఆ చీటి లేకున్నచో, పరదేశమున స్క్రూ వదులైననాడు అక్కడి వైద్యుడు ఏమి చేయగలడు?

ఇంతయు విదేశమునుండి వచ్చినవారికే యని మా ఊరివారు అనుకొనరాదు. సెలవుపై వచ్చినవారు అంత వ్యయపడియు సంపాదింపలేని కాలము మనకు ఇంటిముంగిట నున్నది. అయినను చెంప వాచి, నిద్ర లేక, "పీకేయండి డాక్టరుగారూ" అను స్థితి వచ్చువరకు మనము కదలము. చిన్న పుచ్చు సిమెంటుతో పోవలసినది, పన్ను పోగొట్టుకొనువరకు సాగును. కూలిదినము పోవునను భయము న్యాయమైనదే గాని, వాపు వచ్చిన పిమ్మట పోవు దినములు అంతకు మించును. కంకిపాడు నుండి విజయవాడ గంట సేపటి ప్రయాణమునకు మించదు. ప్రభుత్వ కళాశాల ఆసుపత్రిలో పేదవారును చూపించుకొనవచ్చును. చల్లని నీరు తగిలి పన్ను జివ్వుమన్న వారముననే బస్సెక్కుడు. మీ పిల్లలను గూడ వెంటబెట్టుకొని పొండు.