ఒక్క మనిషి, రెండు కొనలు

పనిముట్టుకు చేయి ఎంత దూరంలో ఉండవచ్చునన్న ప్రశ్నకు ఈ శీర్షిక ఏళ్ల తరబడి ఒకటే జవాబు చెబుతూ వచ్చింది: మూరెడు దూరం దాటితే అది పని కాదు, పురమాయింపు. మగ్గం మీదా, కుమ్మరి సారె మీదా, చివరకు దోసె పెనం మీదా ఈ సూత్రాన్నే మోపి చూసిన సంగతి పాత పాఠకులు మరచి ఉండరు. ‘ఇంట్లో కూర్చుని మోటరు వేయండి’ అంటూ మొబైల్ స్టార్టర్లను అమ్మజూపే ప్రకటన ఈ వారం మేడ్చల్ రహదారి పక్కన మళ్లీ కంటపడి ఆ పాత పట్టుదలను రేపింది. అయితే ఆ ప్రకటనను తూచడానికి బోరుబావి కంటే ముందు సముద్రం మీదికి వెళ్లిరావడం మేలు. ఒక్క మనిషి ఒకే క్షణాన రెండు చోట్ల ఉండవలసి రావడమనే చిక్కు ఒంటరి నావికుడికి ఎదురైనంత సూటిగా మరెవరికీ ఎదురు కాదు.

పడవ ముందుకొనను తీరప్రాంతపు పడవవారు అణియమనీ, వెనుక భాగాన్ని అమరమనీ అంటారు. లంగరు అణియం దగ్గర వేలాడుతుంది. చుక్కాని, ఇంజను మీటలు అమరం వైపు ఉంటాయి. ఆరు మీటర్ల లోతున్న చోట, నీటికి ఒక మీటరు ఎత్తున్న అణియం నుంచి లంగరు వేస్తే, అది పైకి లేవకుండా నేలను పట్టి ఉండేందుకు ఆ రెండింటి మొత్తానికి ఐదు రెట్లు, అంటే 35 మీటర్ల గొలుసు వదలాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎనిమిది మిల్లీమీటర్ల గొలుసైతే ఆ బరువే సుమారు 50 కిలోలు. దాన్ని పైకి లాగే గిలక యంత్రానికే విండ్‌లాస్ అని పేరు. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు ‘తారిణి’ మీద భూమిని చుట్టివచ్చినప్పుడు, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన స్వాతి ఆ బృందంలో ఉన్నారు. అటువంటి పడవలో ఒకరు అణియం దగ్గర నిలిస్తే మరొకరు చుక్కాని పట్టవచ్చు. ఒంటరివాడికి ఆ వెసులుబాటు లేదు. లంగరు నేలను వదిలిన మరుక్షణమే గాలి అణియాన్ని పక్కకు తోస్తుంది, అతడు పరుగున అమరానికి చేరేలోగా పడవ పక్క పడవ మీదికో రాళ్ల మీదికో కొట్టుకుపోవచ్చు.

అందుకే విండ్‌లాస్ మీటను చుక్కాని దగ్గరికి తెచ్చారు, ఆ తర్వాత తీగ లేకుండా అరచేతిలోనే పెట్టారు. వెయ్యి వాట్ల విండ్‌లాస్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది గనుక, అంత కరెంటును చేతిలోని మీట గుండా పారించడం సాధ్యం కాదు. మీట పంపే చిన్న కరెంటు సోలినాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్చును కదిలిస్తే, ఆ స్విచ్చు పెద్ద కరెంటుకు దారి కలుపుతుంది. దీనివల్ల వేలు దూరం పోగలిగింది గాని, కన్నూ చెవీ వెంట పోలేదు. పైకి వచ్చిన గొలుసు లోపలి అరలో కుప్పగా పేరుకుని చక్రానికి అడ్డుపడటం, లంగరు పైదాకా వచ్చాక కూడా యంత్రం తిరుగుతూ పడవ ముక్కుకు దాన్ని గుద్దించడం అమరం నుంచి చూసేవారికి ఆలస్యంగానే తెలుస్తాయి. పైగా లంగరు వేశాక పడవ లాగుడును విండ్‌లాస్ మీద వదలకుండా గొలుసుకు వేరే తాడు తగిలించి బిగించాలి, ఆ ముడి వేయడానికి మనిషి అణియానికి నడవక తప్పదు. ఇంతవరకు ఈ శీర్షిక పాత సూత్రానిదే పైచేయి.

విండ్‌లాస్ పెట్టుకునేంత పడవలు షామీర్‌పేట పెద్దచెరువులో తిరగవు, హుస్సేన్ సాగర్ పోటీల్లోని చిన్న తెరచాప పడవలకూ దాని అవసరం రాదు. అయినా ఆ యంత్రపు దాయాది ఈ చుట్టుపక్కల పొలాల్లో, ఒకప్పుడు పేరున్న ద్రాక్ష తోటల్లో, రేకు పెట్టెలో కూర్చుని ఉంటుంది. ఐదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటరు సుమారు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. స్టార్టర్‌లోని కాయిల్ చిన్న కరెంటుతో ఆ పెద్ద దారిని కలుపుతుంది, మొబైల్ స్టార్టర్ అయితే ఆ కాయిల్‌కు ఒక సిమ్ కార్డును కాపలా పెడుతుంది. పెట్టె దగ్గరే నిలబడి మీట నొక్కిన రైతు వెంటనే కదలడు. మోటరు మోత వింటాడు, పైపు నోట ముందు గాలి, ఆపై బుడగలు, ఆపై ధార రావడం చూశాకే మడవ వైపు నడుస్తాడు. ఆ నిలబాటునే పనితనమని ఈ శీర్షిక పొగుడుతూ వచ్చింది.

కానీ ఆ నిలబాటు ఏ వేళకు జరిగేదో ఆ పొగడ్తలో ఎన్నడూ చెప్పలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినా, సరఫరా రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలుగా, తరచూ అర్ధరాత్రి దాటాకే ఉండేది. కరెంటు వచ్చిందని లేచి, టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి, తడి నేల మీద నిలబడి స్టార్టర్ పెట్టె తెరిచినవారిలో పాము కాటుకూ విద్యుత్ షాకుకూ బలైనవారు తెలంగాణలో ఎందరో ఉన్నారు. ఆ నడకను తప్పించుకోవడానికే రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే తిరిగేది. అయితే దానికి చూపు లేదు. వరుసలోని మోటర్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేవి, మడి నిండినా నీరు పారుతూనే ఉండేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భజలం అడుగంటుతుందన్న భయంతో ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరవలసి వచ్చింది.

ఈ చరిత్రతో కలిపి చూస్తే, చేయి పని దగ్గరే ఉండాలన్న మాట రాత్రివేళ గట్టు మీద నడవనక్కరలేనివారు చెప్పే నీతిగానే తేలుతుంది. ఆటో స్టార్టర్‌లో తప్పంతా దూరానిది కాదు, కబురు లేకపోవడానిది. నీరు లేకుండా తిరిగే మోటరు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. ఆ తగ్గుదలను పసిగట్టి మోటరును ఆపి, యజమాని ఫోనుకు ఆ సంగతి చేరవేసే స్టార్టర్, రైతు చెవిని కొంతైనా ఇంటిదాకా తెచ్చినట్టే. విండ్‌లాస్ చక్రానికి అయస్కాంతపు ముక్క అమర్చి తిరిగిన చుట్లను లెక్కించి, ఎన్ని మీటర్ల గొలుసు బయట ఉందో చుక్కాని దగ్గర చూపించే పరికరం కూడా అదే పని చేస్తుంది. 1895-98 మధ్య ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన జాషువా స్లోకమ్ సైతం చుక్కానిని కట్టేసి, పడవను దాని దారిన సాగనిచ్చేవారు. చేయి తీయడం ఒంటరివాడికి ఆనాడే విద్య.

కాబట్టి ఆ ప్రకటన మీద చిరాకును ఈ శీర్షిక వెనక్కి తీసుకుంటున్నది, ఒక్క షరతుతో. ఒంటరి పడవలో మీట నొక్కేవాడూ గొలుసు దగ్గరికి వెళ్లేవాడూ ఒక్కడే. పొలంలో మాత్రం ఫోను ఇంట్లో ఒకరి చేతిలో ఉంటుంది, తీగల మధ్య మరొకరి చేయి ఉంటుంది. విండ్‌లాస్ గొలుసును ముట్టుకునే ముందు నావికుడు బ్రేకర్ దించినట్టే, స్టార్టర్ పెట్టె తెరిచే ముందు మెయిన్ స్విచ్ దించండి. ఇంట్లో ఫోనున్నవారికి ఆ మాట ముందే చెప్పండి.