అభిమాని గీటురాయి: ‘డాక్టర్ హూ’ ప్రేక్షకులను గురించి

నవలను విమర్శించేవాడికి ఒక సౌకర్యం ఉంది. చివరి పుట ఎక్కడుందో అతనికి తెలుసు. దశాబ్దాల తరబడి సాగే టెలివిజన్ ధారావాహికను పరిశీలించేవాడికి ఆ సౌకర్యం లేదు. రచయితలు మారతారు, నిర్మాతలు మారతారు, నటులు మారతారు. కదలకుండా కూర్చుని ఉండేవాడు ప్రేక్షకుడొక్కడే. అందువల్ల ఆ కథ ఎలా నడవాలో, తీసేవాళ్ళకన్నా తనకే బాగా తెలుసునన్న నమ్మకం కొంతకాలానికి అతనిలో పాతుకుపోతుంది. ఆ నమ్మకంలో విమర్శ ఎంత, మమకారం ఎంత అన్నది సాహిత్య విద్యార్థికి కూడా పనికివచ్చే ప్రశ్నే. దానికి బ్రిటిష్ వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ‘డాక్టర్ హూ’ మంచి ఉదాహరణ.

చూడనివారి కోసం రెండు మాటలు. ఇది 1963 నవంబరు 23న బీబీసీలో మొదలై 1989 డిసెంబరులో ఆగింది. 1996లో ఒక టెలివిజన్ చిత్రంగా తొంగిచూసి, 2005లో మళ్ళీ మొదలైంది. నాయకుడు డాక్టర్ పరగ్రహవాసి. పోలీసు టెలిఫోను పెట్టె ఆకారంలో ఉన్న వాహనంలో కాలాన్నీ అంతరిక్షాన్నీ చుట్టివస్తుంటాడు. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం క్షీణించడంతో 1966లో డాక్టర్ దేహమే మారిపోయిందని చెప్పి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను ప్రవేశపెట్టారు. అవసరానికి పుట్టిన ఆ ఉపాయమే ధారావాహికకు ఆయుష్షు పోసింది.

అభిమానులు చేసిన మేలు ముందు చెప్పుకోవడం న్యాయం. 1960లలో ప్రసారమైన భాగాల టేపులను బీబీసీ చాలావరకు చెరిపేసింది, ఫిల్ము ప్రతులను పారేసింది. 2013లో నైజీరియాలో తొమ్మిది భాగాలు దొరికాయన్న వార్త వచ్చాక కూడా లెక్క తేలనివి తొంభైకి పైగానే మిగిలాయి. అయినా పోయిన ప్రతి భాగానికీ శబ్దం మాత్రం మిగిలింది. ఇళ్ళలో టెలివిజన్ పెట్టె ముందు టేపురికార్డరు పెట్టుకుని కూర్చున్న కుర్రవాళ్ళ పుణ్యం అది. సంస్థ విలువ కట్టలేనిదాన్ని వాళ్ళు దాచారు.

అయితే దాచిపెట్టినవాడికి యాజమాన్య భావం కూడా వస్తుంది. పైగా కంటికి కనబడనిదాన్ని పొగడడం సులువు. ‘ది టూమ్ ఆఫ్ ద సైబర్‌మెన్’ (1967) పోయినంతకాలం అదొక మహాకావ్యమన్న పేరు మోసింది. హాంగ్‌కాంగ్‌లో దొరికి 1992లో వీడియో క్యాసెట్టుగా వచ్చాక కొందరికి అతుకులు కనిపించాయి. ‘ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్’ (1967–68) సంగతి దీనికి తలకిందులు. సాదాసీదా కథ అనుకున్నది 2013లో బయటపడ్డాక, అందులో నాయకుడిగానూ ప్రతినాయకుడిగానూ ట్రౌటన్ చేసిన నటనకు మర్యాద పెరిగింది. చూడకుండా స్థిరపడిన అభిప్రాయాలు ఎంత కాలం బతుకుతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక తగవుల సంగతి. 1976లో రాబర్ట్ హోమ్స్ అనే రచయిత ‘ది డెడ్లీ అసాసిన్’ రాశాడు. అంతకుముందు 1969 నాటి ‘ది వార్ గేమ్స్’లో డాక్టర్ జాతివారు, కాలప్రభువులు, దేవతల్లా గంభీరంగా కనిపించారు. హోమ్స్ వాళ్ళను ముసలి గుమాస్తాలుగా, కుట్రలు పన్నే రాజకీయవేత్తలుగా చూపించాడు. అదే సంవత్సరం ఏర్పడిన అభిమాన సంఘంలో ముఖ్యులే దీన్ని చీల్చిచెండాడారు. చరిత్రను పాడుచేశాడన్నది వారి ఆరోపణ. నేడు ఆ కథ ఉత్తమమైన వాటిలో ఒకటిగా లెక్కకు వస్తోంది. అంతకన్నా విచిత్రం మరొకటుంది. కాలప్రభువు పన్నెండుసార్లు మాత్రమే దేహం మార్చుకోగలడన్న నియమం ఆ కథలోనే తొలిసారి వచ్చింది. చరిత్రను చెరిపిన కథ చెప్పిన ఆ మాటే తర్వాతివారికి శాసనమై కూర్చుంది. 2013లో దాన్ని దాటడానికి మరో కథ రాయవలసి వచ్చింది.

1986లో ఇంకో తగవు. ఏడాదిన్నర విరామం తర్వాత వచ్చిన ఆ సంవత్సరపు దీర్ఘకథ ‘ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’ను బీబీసీ వారి ‘ఓపెన్ ఎయిర్’ కార్యక్రమంలో అభిమాన సంఘం కుర్రవాళ్ళు కడిగిపారేశారు. పదహారేళ్ళ క్రిస్ చిబ్నల్ వారిలో ఒకడు. కథనం మూసలో పోసినట్టుందని రచయితలు పిప్, జేన్ బేకర్ దంపతుల ఎదుటే అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. కానీ ఆ తెర వెనుక జరిగింది వేరు. ముగింపు రాయవలసిన హోమ్స్ ఆ సంవత్సరం మే నెలలో చనిపోయాడు. స్క్రిప్టు సంపాదకుడు ఎరిక్ సావర్డ్ ఆఖరి భాగం రాసి, నిర్మాతతో పేచీ వచ్చి, ఉపసంహరించుకున్నాడు. అందులో ఏముందో తెలుసుకునే వీలు లేకుండా బేకర్ దంపతులు కొద్ది రోజుల్లో కొత్తగా ముగింపు రాసిచ్చారు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన అతుకు తెలియకుండా పూరించాడా లేదా అని తరగతిలో వాదించుకునే మనకు ఇలాంటి చిక్కు కొత్తది కాదు. ఎఱ్ఱనకు కనీసం మూలమైనా ఎదురుగా ఉంది. ఈ దంపతులకు అదీ లేదు. తెలిసినంత మాత్రాన ఆ భాగం బాగుపడిపోదు. కృతి లోపం కృతి లోపమే. కాకపోతే లోపాన్ని ఎవరి నెత్తిన రుద్దాలన్న విషయంలో విమర్శకుడు కొంచెం నిదానిస్తాడు.

ఆ చిబ్నలే 2018లో ధారావాహికకు ప్రధాన రచయిత, సారథి అయ్యాడు. 2020 మార్చి 1న ప్రసారమైన ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’లో డాక్టర్ అసలు కాలప్రభువుల జాతికే చెందదని, హార్ట్‌నెల్‌కు ముందే లెక్కలేనన్ని జన్మలు గడిచాయని చెప్పాడు. అభిమానుల్లో పెద్ద దుమారం రేగింది. ఆరోపణ 1976 నాటిదే: చరిత్రను పాడుచేశాడు! నాకు ఆ కథ నచ్చలేదు. కారణం చరిత్ర మారడం మాత్రం కాదు. ఆ రహస్యాన్ని సంఘటనల ద్వారా మనకు అందించకుండా, ప్రతినాయకుడి చేత సుదీర్ఘంగా ఉపన్యాసం ఇప్పించి, అంతసేపూ నాయికను బందీగా నిలబెట్టి వినిపించడం నాటకీయంగా బలహీనం. మొదటి అభ్యంతరం అభిమానిది, రెండోది విమర్శకుడిది. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఏది మాట్లాడుతోందో ఆ మనిషికి తెలియాలి.

ఈ అభిమానులు కఠినులనే అంటారు. అయితే ఆ కాఠిన్యం ఎవరిపట్ల? నిన్న మొన్న వచ్చిన కథల పట్ల. అసలు పరీక్ష ‘ది టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్’ (1977) దగ్గర ఎదురవుతుంది. ఇదీ హోమ్స్‌దే. అభిమానుల ఓటింగుల్లో ఎప్పుడూ పై వరుసలో నిలిచే కథ. విక్టోరియా కాలపు లండను, పొగమంచు, నాటకశాల, సంభాషణల్లో చమత్కారం, షెర్లాక్ హోమ్స్ వేషంలో టామ్ బేకర్—ఆనందించకుండా ఉండడం కష్టం. అందులో లి షెన్ చాంగ్ అనే చైనా ఐంద్రజాలికుడి పాత్రను జాన్ బెన్నెట్ అనే తెల్లవాడు ముఖానికి మేకప్ పూసుకుని ధరించాడు. తక్కిన చైనీయులు చాలావరకు గొడ్డళ్ళు, కత్తులు పట్టుకుని వెంటపడే గుంపు. వారి చుట్టూ నల్లమందు పొగ. కెనడాలో టీవీ ఒంటారియో దీన్ని ప్రసారం చేయకుండా వదిలేసింది.

సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. చాంగ్ తెలివైనవాడు, తెల్లవారి అజ్ఞానాన్ని ఎత్తిపొడుస్తాడు, చివరికి జాలి కలిగిస్తాడు. బెన్నెట్ నటన కూడా సంయమనంతో ఉంది. ఇవన్నీ నిజమే. ఆ ఎత్తిపొడుపు మాటలు పలకడానికి ఒక చైనీయ నటుడికి అవకాశం ఇవ్వలేదన్నది కూడా అంతే నిజం. పైపెచ్చు మూఢవిశ్వాసాన్ని సహించని డాక్టరే ఇక్కడ ఆ గుంపు గురించి తేలికగా మాట్లాడతాడు. పాత్ర స్వభావానికే ఇది విరుద్ధం. అంటే ఈ లోపాన్ని ‘ఆ కాలం అలాంటిది’ అని బయటపెట్టలేం. అది కథ అల్లికలోనే ఉంది.

ఇదే కథలో లండను మురుగుకాలువల్లో తిరిగే ఒక రాక్షస ఎలుక ఉంది. గుడ్డ కుక్కిన బొమ్మ అని చూడగానే తెలిసిపోతుంది. దశాబ్దాలుగా అభిమానులు ఈ కథ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నవ్వుతూ ఒప్పుకునే లోపం ఆ ఎలుక. చాంగ్ ముఖం గురించి గట్టిగా మాట్లాడినవారు ఆ పత్రికల్లో చాలాకాలం కొద్దిమందే.